బండి ఎవరిది, పని ఎవరిది?

పనిలో ఉండగా వాహన ప్రమాదం జరిగితే ఏ బీమా ఆదుకుంటుంది? ఒడిశాలోని గంజాం జిల్లా చెరకు దారుల్లో ఈ ప్రశ్న ప్రతి సీజన్‌లోనూ లేస్తుంది.

డిసెంబరు వచ్చిందంటే అస్కా దారులన్నీ చెరకు బండ్లవే. షేరగడ, కవిసూర్యనగర్, బుగుడ వైపు నుంచి ట్రాక్టర్లు, లారీలు వరస కట్టి మిల్లు దారి పడతాయి. ట్రాలీ అంచులు దాటి రెండు పక్కలా గడలు వేలాడుతుంటాయి. వెనక లైటు ఉన్నా ఆకు చాటున కనబడదు. ఆ మోపుల మీద ఇద్దరు ముగ్గురు మనుషులు కూర్చుని ఉంటారు. తెల్లవారకముందే చెరకు నరికి, కట్టలు కట్టి, బండికెత్తినవాళ్లు వాళ్లే. మిల్లు దగ్గర కాటా అయ్యేదాకా బండితో ఉండేదీ వాళ్లే. గతుకులో ఒక్క కుదుపు చాలు, మనిషి కింద పడడానికి.

పడ్డ మనిషిని బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేరుస్తారు. మొదటి రెండు రోజులు ప్రాణం గురించే దిగులు. ఆ తర్వాత డబ్బు మాట వస్తుంది. ట్రాక్టరు యజమాని ‘బండికి ఇన్సూరెన్సు ఉంది, కంపెనీవాళ్లు చూసుకుంటారు’ అంటాడు. కంపెనీ మనిషి ‘ట్రాలీ మీద ఎక్కినవాళ్లకు కవర్ లేదు’ అంటాడు. ముఠా మేస్త్రీ ‘నేనూ కూలివాడినే కదా’ అంటాడు. రైతు తన చెరకు మిల్లుకు వెళ్తోందంటాడు. మిల్లు తరఫువాళ్లు ‘మా గేటు బయట జరిగింది’ అంటారు. ఈ ఐదుగురిలో ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఎవరికి వారు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే.

ఏ పాలసీ వర్తిస్తుందో తేల్చడానికి అందరూ ముందు పాలసీ కాగితం వెతుకుతారు. నా ఉద్దేశంలో అది చివర చూడాల్సిన కాగితం. గాయపడ్డ మనిషి ఆ క్షణంలో ఎవరి పని చేస్తున్నాడన్నది మొదట తేలాలి. బండి ఎవరి పేర ఉంది, ఏ అవసరానికి రిజిస్టరైంది అన్నది తర్వాత. ప్రమాదం ఎక్కడ జరిగిందన్నది ఆ తర్వాత. ఈ మూడూ తెలిశాక పాలసీ తీసి చదివితే అందులోని ప్రతి గడికీ అర్థం తెలుస్తుంది. తెలియకముందే ఏదో ఒక ఆఫీసులో దరఖాస్తు పడేస్తే ఆ ఒక్క సంతకం మిగతా తలుపులన్నీ మూసేయవచ్చు. గంజాంలోనే కాదు, ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా కూలి కుటుంబాలు ఇక్కడే నష్టపోతున్నాయి.

* * *

పని నుంచే మొదలుపెడదాం. చెరకుతో అస్కాకున్న బంధం పాతది. 19వ శతాబ్దం మధ్యలోనే ఇక్కడ మించిన్ అనే ఇంగ్లీషు వ్యాపారి నడిపిన చక్కెర కర్మాగారం ఉండేది. యంత్రాలు అప్పుడే వచ్చాయి, యంత్రం కింద నలిగినవాడికి పరిహారమిచ్చే చట్టం రావడానికి మాత్రం 1923 దాకా పట్టింది. గంజాం అప్పటికింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లింది 1936 ఏప్రిల్ 1న. 1923 నాటి ఆ వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1924 జూలై నుంచి అమలైంది. బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన వి.వి.గిరి రైల్వే కార్మికులను కూడగట్టిన కాలం కూడా అదే. కార్మికుడు యజమాని తప్పు నిరూపించనక్కర్లేదు, పనిలో ఉండగా పనివల్ల ప్రమాదం జరిగిందని చూపిస్తే చాలు అన్నది ఆ చట్టం చేసిన పెద్ద మేలు. తర్వాత దాని పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టమైంది. మనవాళ్ల నోట ఇప్పటికీ ‘వర్క్‌మెన్ కేసు’ అనే మాటే నిలిచింది.

ఈ చట్టం ఎంత బలమైనదో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. కొరాపుట్ జిల్లా జైపూర్‌లో 1968 జూలైలో ఒక సినిమా హాలులో అలంకారం పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. ఒక చెయ్యి పోతే సగమో ముప్పాతికో నష్టమని యజమాని వాదన. ఒంటి చేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, పోయింది నూటికి నూరు శాతం సంపాదనే అని పరిహారం తేల్చే కమిషనర్ లెక్క కట్టి 9,800 రూపాయలు ఇవ్వమన్నాడు. ఆలస్యానికి జరిమానా కూడా వేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975 డిసెంబరులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వడ్రంగి పక్షాన తీర్పు చెప్పింది. కమిషనర్ తేల్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే యజమాని బాకీ పడతాడని ఆ తీర్పు స్పష్టం చేసింది. దేశంలో ఏ లేబర్ కమిషనర్ ముందైనా ఇప్పటికీ వినిపించే తీర్పు అది. దక్షిణ ఒడిశా వడ్రంగి ఒకడు తెచ్చిపెట్టిన హక్కు.

ఇక ఈఎస్ఐ. 10 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు అది వర్తిస్తుంది. ఈఎస్ఐలో ఉన్నవాడు పనిలో గాయపడితే 1923 చట్టం కింద యజమాని మీదికి వెళ్లకూడదని ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ అడ్డుపడుతుంది. 2009లో సుప్రీంకోర్టు మోటారు వాహనాల క్లెయింకూ అదే అడ్డు వర్తింపజేసింది. అందుకని జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందా లేదా అన్నది మొట్టమొదట చూసుకోవాల్సిన విషయం. కోత ఉంటే దారి ఈఎస్ఐ వైపు. జీతంలో దాదాపు 90 శాతం చొప్పున వికలాంగ భృతి, చనిపోతే కుటుంబానికి నెలనెలా ఆధారం అక్కడినుంచే వస్తాయి.

అయితే అస్కాలో ఇక్కడో మెలిక ఉంది. ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను తన పరిధి నుంచి తప్పించింది. పూర్తిగా కాఫీ, టీ, రబ్బరు, నీలిమందు, లక్క, చక్కెర వంటి వాటి తయారీలోనే ఉండే ఫ్యాక్టరీ ఆ లెక్కలోకి వస్తుంది. బెల్లం కూడా. అంటే చక్కెర మిల్లు కార్మికుడికి పక్క ఊరి నూనె మిల్లు కార్మికుడికున్న రక్షణ లేకపోవచ్చు. మిల్లుకు డిస్టిలరీ కూడా తోడైతే ‘పూర్తిగా చక్కెరే’ అన్న మాట నిలుస్తుందా అన్నది వేరే వాదన, ప్లీడరు తప్పక లేవనెత్తాల్సిన వాదన. ఈఎస్ఐ వర్తించకపోతే కార్మికుడికి మిగిలేది 1923 నాటి చట్టమే.

డ్యూటీకి వెళ్తూ దారిలో ప్రమాదమైతే? ఈఎస్ఐ చట్టంలో 2010లో 51-ఇ సెక్షన్ చేర్చి, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిని కూడా పనిలో భాగం చేశారు. 1923 చట్టంలో అలాంటి మాట లేదు. అందువల్ల ఈఎస్ఐ లేనివాళ్లు చాలాకాలం నష్టపోయారు. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్‌లో తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి మోటారు సైకిలు మీద బయలుదేరాడు. ఫ్యాక్టరీ ఇంకా 5 కిలోమీటర్లుందనగా ప్రమాదంలో చనిపోయాడు. కమిషనర్ పరిహారమిచ్చాడు, బొంబాయి హైకోర్టు కొట్టేసింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు కమిషనర్ తీర్పునే నిలబెట్టింది. 51-ఇ లోని రక్షణను 1923 చట్టంలోకి కూడా చదువుకోవాలంది. ఆ వేళకు అతను రోడ్డు మీద ఉన్నది డ్యూటీ కోసమే కదా అన్నది దాని సారం. ఆ ఇంటివాళ్లు ఈ మాట కోసం 22 ఏళ్లు ఎదురుచూశారు. అస్కా, సూరత్ దగ్గరి సాయన్, రాయగడ, ఎక్కడ మిల్లు షిఫ్టుకు చీకట్లో సైకిలు మీద బయలుదేరే మనిషున్నా ఆ తీర్పు ఫలం అతనిది కూడా.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్లను అమల్లోకి తెచ్చింది. పై రెండు చట్టాలూ సామాజిక భద్రత కోడ్‌లో కలిశాయి. ఇంటికీ పనికీ మధ్య దారి సంగతి ఆ కోడ్‌లో నేరుగా రాశారు. సీజనల్ ఫ్యాక్టరీల మినహాయింపు మాత్రం అలాగే ఉంచారు. కోడ్‌కు ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టాల హక్కులు పోవు. ఇక్కడ చెప్పే సెక్షన్లు ఆ పాత చట్టాలవి, తర్వాతి ప్రమాదాలకు కోడ్‌లోని సంబంధిత సెక్షన్లు చూసుకోవాలి.

* * *

చెరకు కూలీల దగ్గరికి మళ్లీ వద్దాం. వాళ్లది ఏ మస్టర్‌లోనూ పేరుండని పని. ముఠా మేస్త్రీ పిలిచాడు, వచ్చారు. మరి యజమాని ఎవరు? కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకుంటే అసలు పనిదారు కూడా పరిహారానికి బాధ్యుడేనని 1923 చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ఆ పని అతని వ్యాపారంలో మామూలుగా జరిగే భాగమై ఉండాలి. ఇచ్చిన మొత్తాన్ని తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. ఇదే సెక్షన్‌లో ఒక షరతు కూడా ఉంది. ప్రమాదం అసలు పనిదారు ఆవరణలోనో, అతని అదుపులోని స్థలంలోనో, దాని చుట్టుపక్కలో జరగాలి. ఒకే ముఠా, ఒకే చెరకు, ఒకే రోజు. పొలంలో పడితే వేళ్లు రైతు వైపు చూపిస్తాయి, కాటా దగ్గర పడితే మిల్లు వైపు, మధ్యలో రోడ్డు మీద పడితే మేస్త్రీ, బండి యజమాని మిగులుతారు. ‘మా గేటు బయట జరిగింది’ అన్న మాట వెనక ఉన్న లెక్క ఇదే. ప్రమాద స్థలాన్ని ఫోటో తీసి పెట్టుకోమని లేబర్ కేసులు చూసే ప్లీడర్లు అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

రోజు కూలి కదా, చట్టం వర్తించదని ఇంకా చెప్పేవాళ్లున్నారు. అది పాత సంగతి. ‘క్యాజువల్’ కూలీల మినహాయింపును 2000లోనే తీసేశారు. ట్రాక్టరుతో సాగే వ్యవసాయ పని కూడా చట్టం రెండో షెడ్యూలులో ఉంది.

ఇప్పుడు బండి. నంబరు ప్లేటు రంగు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది రవాణా వాహనం. తెల్ల ప్లేటైతే కాదు. వ్యవసాయ ట్రాక్టరు కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రవాణా వాహనం కాదు. మామూలు రోజుల్లో దీనివల్ల రైతుకు పన్నులో లాభం. ప్రమాదం రోజున అదే రంగు వేరే లెక్క తేలుస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం రవాణా వాహనం మీది డ్రైవరు, తోటి పనివాడు కూడా ‘థర్డ్ పార్టీ’ కిందికే వస్తారు. చెరకు లారీ మీది క్లీనరుకు, కూలీకి అదొక బలమైన ఆధారం. వ్యవసాయ ట్రాక్టరు ట్రాలీ మీది కూలీకి ఆ ఆధారం దొరకడం కష్టం.

2007లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు అచ్చంగా ఇదే. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు ట్రాలీ మీద ఎక్కిన కూలీ గాయపడ్డాడు. ట్రాక్టరుకు బీమా ఉంది, ట్రాలీకి లేదు. పాలసీ వ్యవసాయ పనికే, తోలింది బట్టీ మట్టి. బీమా కంపెనీకి బాధ్యత లేదంది కోర్టు. అక్కడితో ఆగిపోలేదు. పేద కూలీ యజమాని చుట్టూ తిరగలేడని, ముందు కంపెనీయే చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ప్రత్యేకాధికారంతో ఆదేశించింది. 2014లో ఇంకో ట్రాక్టరు కేసు వచ్చింది. పొలం దగ్గర నీళ్ల ట్యాంకు కట్టడానికి ఇసుక తోలుతున్న బండి అది. ఇసుక కనబడగానే షరతు ఉల్లంఘించినట్టు కాదు, ఉల్లంఘన జరిగిందని కంపెనీయే రుజువు చేయాలని ఆ తీర్పు. చెరకు సంగతి చూస్తే, సొంత పొలం పంట సొంత బండిలో మిల్లుకు తీసుకెళ్లడం వ్యవసాయమే అని గట్టిగా వాదించవచ్చు. కిరాయికి పదిమంది చెరకు తోలితే వాదన బలహీనపడుతుంది. కిరాయి ముట్టినట్టు ఒక్క రసీదు, ఒక్క ఫోన్ పే చెల్లింపు దొరికినా కంపెనీ దాన్నే పట్టుకుంటుంది.

బండి ఒకరిది, కూలీలు ఇంకొకరివాళ్లు అయితే? 2012లో దీనికీ జవాబు వచ్చింది. సరుకు యజమాని బండి కిరాయికి మాట్లాడి తన కూలీలను ఎక్కిస్తే, ప్రమాదంలో వాళ్లకు బండి పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం తప్పనిసరి చేసిన కవర్ బండి యజమాని సొంత ఉద్యోగులకే అన్నది కారణం. అది పాత చట్టం మీది తీర్పు. 2022 సవరణలోని ‘తోటి పనివాడు’ అన్న మాట దాన్ని ఎంతవరకు మారుస్తుందో కోర్టుల్లో తేలాలి. అప్పటిదాకా కిరాయి బండి ఎక్కిన కూలీకి నికరమైన అండ తన సొంత యజమాని మీది క్లెయిమే.

ఇవి కోర్టు కాగితాల్లో మాత్రమే ఉండే ముచ్చట్లు కావు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు ఏఎంఆర్పీ కాల్వలో పడి 9 మంది ఆడకూలీలు చనిపోయారు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మూసీ కాల్వలో పడ్డ ట్రాక్టరు 15 ప్రాణాలు తీసింది. దాదాపు అందరూ ఆడవాళ్లే. పత్తి చేనుకో, మిరప చేనుకో పోయే మనిషికి ట్రాలీ తప్ప వేరే వాహనం ఉండదు. ఎక్కనంటే ఆ రోజు కూలి పోతుంది. ‘ట్రాలీ మీద ఎందుకు ఎక్కావు’ అని అడిగే హక్కు ఆ మనిషికి బస్సు చూపించగలిగినవాడికే ఉంది.

మిల్లు యార్డు లోపల జరిగితే ఇంకో చిక్కు. థర్డ్ పార్టీ బీమా ‘బహిరంగ స్థలం’లో వాడకానికే తప్పనిసరి. ఫ్యాక్టరీ ఆవరణకే పరిమితమైన ప్రత్యేక వాహనాన్ని మోటారు వాహనాల చట్టం వాహనంగానే లెక్కించదు. ఆవరణ దాటని గని డంపర్ల గొడవ మన ఒడిశా బొలానీ గనుల నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లి 1974లో తేలింది. అయితే ఆ కేసు పన్నుది. కాటా ముందు వందల బండ్లు, రైతులు, కూలీలు అడ్డూ ఆపూ లేకుండా తిరిగే యార్డును నాలుగు గోడల ఫ్యాక్టరీ అనలేం. ప్రజలు వచ్చి పోయే ప్రైవేటు స్థలం కూడా ఈ చట్టం దృష్టిలో బహిరంగ స్థలమేనని బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం చెప్పింది. వాదించడానికి చోటుంది. వాదన తేలేదాకా కడుపు మాడ్చుకోలేని కుటుంబానికి మాత్రం యార్డు లోపల 1923 చట్టమే దగ్గరి దారి. దానికి బహిరంగ స్థలం, నాలుగు గోడలు అన్న తేడా లేదు.

* * *

అసలు కష్టం ఎంచుకోవడంలో ఉంది. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఒకే ప్రమాదానికి ఆ చట్టం కిందా, 1923 చట్టం కిందా హక్కున్నప్పుడు ఏదో ఒక్కటే కోరుకోవాలి. ఒకటి కోరుకున్నాక రెండోదానికి మారనివ్వరు. యజమాని తనంతట తాను కమిషనర్ దగ్గర జమ చేసిన డబ్బు తీసుకున్నంత మాత్రాన కుటుంబం ఎంచుకున్నట్టు కాదని 2013లో సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది. తాము వేసిన దరఖాస్తు మాత్రం ఎంపికే.

తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. నెలకు 15,000 సంపాదించే 30 ఏళ్ల మనిషి చనిపోయాడనుకుందాం. ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు. 1923 చట్టం లెక్కలో జీతంలో సగం 7,500. ఆ వయసుకు షెడ్యూలులో ఇచ్చిన గుణకం 207.98. హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. ఇక మోటారు వాహనాల చట్టం కింద క్లెయింలు చూసే ట్రిబ్యునల్ లెక్క. 2009, 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పుల ప్రకారం జీతానికి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 21,000. సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు 17తో గుణిస్తే 32,13,000. అంత్యక్రియలు, భార్యాపిల్లల ఎడబాటు వంటివాటికి ఇచ్చేది అదనం. అంటే రెట్టింపు దాటుతుంది.

రెట్టింపు కదా అని అందరూ ట్రిబ్యునల్‌కే వెళ్లలేరు. అక్కడ పెద్ద మొత్తం రావాలంటే ఎదుటి డ్రైవరు తప్పు రుజువు కావాలి. వెనక నుంచి లారీ గుద్దితే ఆ లారీ పాలసీ మీద ట్రిబ్యునల్‌కు వెళ్లడమే మేలు. అప్పుడు మనవాడు ఎవరి పనిలో ఉన్నాడన్నది పెద్ద విషయం కాదు. ట్రాక్టరు తనంతట తాను బోల్తా కొట్టి, చనిపోయింది దాన్ని తోలుతున్న డ్రైవరే అయితే ట్రిబ్యునల్‌లో తప్పు అతని నెత్తినే పడుతుంది. అతని కుటుంబానికి 1923 చట్టమే దిక్కు. అక్కడ తప్పెవరిదని అడగరు. తాగి ఉన్నాడని, మాట వినలేదని చెప్పే అభ్యంతరాలు కూడా మరణం విషయంలో, పూర్తి శాశ్వత వైకల్యం విషయంలో చెల్లవు.

యజమానే బండి తోలుతూ పడితే రెండు దారులూ మూసుకున్నట్టే. అతను తన బండికి తానే థర్డ్ పార్టీ కాలేడు. పాలసీలో 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఉంటే అదొక్కటే ఆసరా. యజమాని మోటారు సైకిలు అడిగి తీసుకుని సొంత పని మీద వెళ్లినవాడిని కూడా సుప్రీంకోర్టు 2009లో యజమానితో సమానంగానే చూసింది. అదే బైకు యజమాని పని మీద తీసుకెళ్తే కథ మారుతుంది. ‘బ్యాంకులో కట్టి రా’ అని యజమాని పంపిన వాట్సప్ మెసేజీ ఒకటి ఫోన్‌లో ఉంటే దాన్ని చెరిపేయకండి.

ఇప్పుడు పాలసీ తీయండి. మొదటి పేజీలోని ప్రీమియం పట్టిక చూస్తే చాలు. ‘లీగల్ లయబిలిటీ టు పెయిడ్ డ్రైవర్, క్లీనర్’ అనే వరస ఉందా, దాని ఎదుట అంకె ఉందా, సున్నా ఉందా? ట్రైలర్ నంబరు రాశారా? వాడకం పరిమితి దగ్గర ‘అగ్రికల్చరల్’ అని ఉందా? పెయిడ్ డ్రైవర్, క్లీనర్ వరస మనిషికి ఏడాదికి 50 రూపాయల అదనపు ప్రీమియంతో వచ్చే కవర్. ఆ గడిలో సున్నా కనబడ్డప్పుడు నాకు కోపమూ దుఃఖమూ ఒకేసారి వస్తాయి. లక్షల బండి కొన్నవాడు 50 రూపాయలకు వెనకాడలేదు. పాలసీ రాసిన ఏజెంటు అడగలేదు, అంతే. యజమానికి విడిగా ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ఉందేమో కూడా అడగాలి. అది బండిని కాక మనిషిని చూస్తుంది. కాంట్రాక్టరు కూలీలను అందులో ప్రకటించారా లేదా అన్నది చూడాలి. బీమా కంపెనీ అసలు, వడ్డీ ఇస్తుంది. నెలలోపు చెల్లించనందుకు యజమానికి పడే జరిమానా మాత్రం కంపెనీ మీద వేయలేమని 1997లోనే తేలింది.

ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకు ఖాతా నుంచి కోసే సురక్షా బీమా యోజన 2 లక్షలు వీటన్నిటికీ వేరు. దాన్ని తీసుకుంటే మిగతా హక్కులేవీ పోవు. చాలా ఇళ్లలో అది ఉన్నట్టే తెలియదు. పాస్ పుస్తకంలో మే నెలాఖరు ఎంట్రీలు చూస్తే తెలుస్తుంది. ఆసుపత్రి ఖర్చుకు 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం పెట్టింది. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల దాకా, లక్షన్నర వరకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో చూస్తారు.

* * *

ఆసుపత్రి వరండాలోకి ఒక మనిషి వస్తాడు. బీమా కంపెనీ తరఫు ఇన్వెస్టిగేటరు. చేతిలో ఫైలు, మాట మెత్తన.

“మీ ఆయన బండి మీద ఎందుకెక్కాడమ్మా?”

“మిల్లుకెళ్తంది కదా బాబూ, ఎక్కీసినాడు.”

అంతే. ‘మిల్లుకెళ్తున్న బండిలో లిఫ్టు ఎక్కాడు’ అని కాగితం మీద పడుతుంది. పైసా ఇవ్వకుండా సరుకు బండి ఎక్కిన ప్రయాణికుడికి బీమా కవర్ లేదని 2002 నుంచి సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. ఆ ఇల్లాలు అబద్ధం చెప్పలేదు. చెరకు దించడానికి బండితో వెళ్లడం ఆయన పనిలో భాగమన్నది ఆమెకు ఎంత మామూలు విషయమంటే, చెప్పాలనే తోచలేదు. ఆ ఒక్క వాక్యం పడి ఉంటే మనిషి కూలీ అయ్యేవాడు. పడనందుకు ప్రయాణికుడయ్యాడు. బరంపురంలో ఇంకో కష్టం కూడా ఉంది. మాట తెలుగులో, పోలీసు రాత ఒడియాలో, పాలసీ ఇంగ్లీషులో ఉంటుంది. చదివి వినిపించమని అడగండి, అర్థమయ్యాక గానీ వేలిముద్ర వేయకండి. ఎఫ్ఐఆర్‌లో ‘కూలి పని మీద వెళ్తుండగా’ అన్న మాట పడేలా చూసుకోవడం మొదటి రోజు పని.

ఊరి పెద్దల ముందు స్టాంపు కాగితం మీద రాజీ రాయించుకునే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి ‘ఇక ఏ కేసూ వేయం’ అని రాయించుకుంటారు. చనిపోయిన కార్మికుడి పరిహారం కమిషనర్ దగ్గర జమ చేస్తేనే చెల్లుతుందని 1923 చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. హక్కు వదులుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదని 17వ సెక్షన్ చెబుతుంది. ఆ కాగితం మీద సంతకం పడ్డా లేబర్ ఆఫీసుకు వెళ్లవచ్చు. సిగ్గుపడాల్సిన పని కాదది.

గడువులు వేరువేరు. కమిషనర్ దగ్గరికి రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. ట్రిబ్యునల్‌కు 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టులో ఉంది. అందాకా ఆలస్యమైందని కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అయినా ఆరు నెలల్లోపే వేయడం క్షేమం.

ఎక్కడ వేయాలన్నది గంజాం ఇళ్లకు ముఖ్యమైన సంగతి. ఇక్కడినుంచి సూరత్ మగ్గాలకు వలస పోని ఊరు అరుదు. మనిషి సూరత్‌లో కంపెనీ టెంపో కింద పడ్డా, కుటుంబం ఉండే చోటే క్లెయిం వేయవచ్చు. రెండు చట్టాలూ ఆ వీలు ఇస్తున్నాయి. బరంపురంలో వేస్తే చాలు, గుజరాత్ రైలు ఎక్కనక్కర్లేదు. ఇచ్ఛాపురం, కంచిలి నుంచి అస్కా చెరకుకు వచ్చి గాయపడ్డ కూలీ ఇల్లు శ్రీకాకుళం జిల్లాలో ఉంటే శ్రీకాకుళంలో వేయవచ్చు.

మిల్లులకు ఒక మాట. చెరకు నరకడానికి పర్మిట్ ఇచ్చేటప్పుడు రైతు పేరు, ఎకరాలు, బండి నంబరు అన్నీ రాసుకుంటారు. ముఠాలో ఎవరెవరున్నారో, వాళ్లకు కాంపెన్సేషన్ పాలసీ ఉందో లేదో రాసుకునే గడి ఆ ఫారంలో పెట్టాలి. పాలసీ లేకపోతే మిల్లే ముఠాల పేర ఒక సామూహిక పాలసీ తీసి, ప్రీమియం చెరకు బిల్లులో కోసుకోవచ్చు. పంట రుణాలు అలాగే కోసుకుంటున్నారు కదా. డ్రైవరుకు, ముగ్గురు సహాయకులకు బండి పాలసీలో అదనపు కవర్ తీసుకుంటే అయ్యేది ఏడాదికి 200 రూపాయలు. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన క్వింటాలు 355 రూపాయల ధర ప్రకారం అది 60 కిలోల చెరకు కూడా కాదు. కాటా మీద రెండు కట్టలు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోని బరువు. వచ్చే క్రషింగ్‌కు కొత్త ఫారాలు అచ్చు వేసేలోపు ఆ గడి చేరాలని మిల్లు పాలకవర్గాలను, లేబర్ అధికారులను, రైతు సంఘాలను అడుగుతున్నాను.